ఫోస్టర్ కుటుంబాలకు కాలనీ తరఫున సన్మానం: ఇంకేం చేర్చాలి?

#1 కాలనీ కార్యదర్శి
నమస్కారమండీ. మా కాలనీలో రెండిళ్లలో ఫోస్టర్ కేర్ కింద, అంటే కన్నవాళ్లు చూసుకోలేని పిల్లల్ని ప్రభుత్వ ఉత్తర్వుతో కొంతకాలం వేరే కుటుంబంలో ఉంచే పద్ధతిలో, పిల్లలు పెరుగుతున్నారు. ఒకింట్లో అన్నాచెల్లెలు, ఇంకో ఇంట్లో ఒక బాబు. ఆ దంపతులు చేస్తున్నది చిన్న పని కాదు, మనం గుర్తించాలి అని సంఘం సమావేశంలో అందరూ అన్నారు. నవంబరు 14న కమ్యూనిటీ హాల్లో సన్మానం పెడుతున్నాం. శాలువాలు, జ్ఞాపికలు, గేటు దగ్గర ఫ్లెక్సీ, పిల్లలకు వేదిక మీద సైకిళ్లు. విలేకరులకూ చెప్తున్నాం. 30,000 వరకు ఖర్చు పెట్టగలం. ఇంకేం చేర్చితే బాగుంటుందో చెప్పండి.

#2 మోడరేటర్
పై పోస్టులో కాలనీ పేరు, పిల్లల బడి పేరు, తరగతులు ఉన్నాయి, తీసేశాం. మళ్లీ ఎవరూ అడగొద్దు. తెలిసినా రాయొద్దు.

#3 ప్లీడరు గుమాస్తా
కార్యదర్శి గారూ, మోడరేటర్ ఎందుకు తీసేశారో ఆ కారణమే మీ ఫ్లెక్సీకీ వర్తిస్తుంది. జువెనైల్ జస్టిస్ చట్టం 2015లో సెక్షన్ 74 చూడండి. సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, బడి, ఫొటో, ఫలానా పిల్లే అని ఆనవాలు పట్టించే వివరం ఏదీ పత్రికల్లో, టీవీల్లో, ఇంకే రకమైన ప్రచారంలోనూ రాకూడదు. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

ఆ సెక్షను విచారణలకు సంబంధించిన వార్తల గురించే కదా అని వాదించేవాళ్లు ఉంటారు. ఫోస్టర్ ఉత్తర్వు పుట్టేదే బాలల సంక్షేమ సమితి (ఇలాంటి పిల్లల సంరక్షణ గురించి నిర్ణయించే కమిటీ) విచారణలోంచి. అంచేత ఆ వాదన నమ్ముకుని ఫ్లెక్సీ కట్టకండి. పిల్లల ముఖాలు మసక చేసి వేస్తాం అన్నా లాభం లేదు. పక్కన పెంచుతున్న అమ్మ ముఖం స్పష్టంగా ఉంటే మసక దేనికి?

#4 గోదారిగట్టు
పిల్లల్ని పిలవకుండా దంపతులకు మాత్రమే శాలువా కప్పితే సరిపోదా?

#5 ప్లీడరు గుమాస్తా
ఆ ఇంట్లో ఉన్న పిల్లలెవరో కాలనీ అంతటికీ తెలుసు కదండీ. మర్నాడు బడిలో 'నువ్వు వాళ్ల సొంత పిల్లవి కాదంటగా' అనే మాట పుడుతుంది. దంపతుల్ని పిలిచినా, వక్త మైకులో 'దిక్కులేని పిల్లలకు దిక్కైన' అని మొదలుపెడతాడు. మన సభల సంగతి తెలిసిందే. పైగా ఫోస్టర్ పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. జబ్బు, జైలు, తాగుడు, మనసు బాగోలేకపోవడం, ఇలా ఏదో కారణంతో ప్రస్తుతానికి చూసుకోలేని స్థితి. వాళ్లను అనాథలు అనడం తప్పుడు సమాచారం కూడా.

#6 వాణక్క, హనుమకొండ
సన్మానం సంగతి పక్కకు పెట్టుండ్రి తమ్ముడూ. ఆ ఇంటికి నిజంగ ఏం అక్కర పడుతదో చెప్త.

పిల్ల ఒక్క క్యారీబ్యాగుతోని వస్తది. చాలాసార్లు ఒకరోజు ముందు ఫోన్ వస్తది, అంతే. ఆ రాత్రికే కావాల్సినవి: లోపలి బట్టలు ఆరు, ఇంట్ల వేసుకునేవి నాలుగు జతలు, చెప్పులు, టూత్‌బ్రష్, సొంత దువ్వెన, సొంత తువ్వాల, సొంత పళ్లెం గ్లాసు, కొత్త దుప్పటి. 'సొంత' అని ఊరికె అంటలేను. హాస్టల్ల పెరిగిన పిల్లకు తన పేరు మీద ఒక్క వస్తువు ఉండది. అందుకె పాత బట్టల మూటలు పంపొద్దు. పంపేటట్టయితె కొలతలు అడిగి కొత్తయి కొనుండ్రి, బిల్లు ఉంచుండ్రి, మార్చుకునే వీలుంటది.

పేలుంటయి. వెంటనే గుండు గీకిస్తరు మనోళ్లు. గుండు వద్దే వద్దు, ఆడపిల్లకైతే మరీ. మెడికల్ షాపుల పర్మెత్రిన్ 1 శాతం లోషన్ దొరుకుతది. తలస్నానం చేయించి, తడి తుడిచి, కుదుళ్లకు పట్టించి, 10 నిమిషాలకు కడిగెయ్యాలె. సన్నపళ్ల దువ్వెనతోని రెండు మూడు దినాలకోసారి దువ్వాలె. తొమ్మిదో దినం మళ్ల పెట్టాలె, ఎందుకంటె ఈపులన్నీ మొదటిసారికే చావయి. అందరు మరిచిపోయేది గీ రెండోసారే. 'మందు పనిచెయ్యలే' అంటరు. ఇంట్ల ఉన్నోళ్లందరి తలలు కూడ చూసుకోవాలె.

పక్క తడుపుతరు, పదేళ్ల పిల్లలు కూడ. రెండు రెక్సిన్ షీట్లు, నాలుగు దుప్పట్లు ఇయ్యుండ్రి. తడిసిన దుప్పటి ముందు బాల్కనిల ఆరెయ్యనీయకుండ్రి, పైన టెర్రస్ మీద జాగ చూపియ్యుండ్రి. గిసొంటిది సంఘం చెయ్యగల పని.

తిండి దాచుకుంటరు. దిండు కింద రొట్టె ముక్క, బడి సంచిల అన్నం ముద్ద. దొంగతనం అని తిట్టొద్దు. రేపు దొరుకుతదో లేదో అన్న భయం అది. వంటింట్ల పిల్లకు అందే ఎత్తుల ఒక డబ్బా పెట్టి పల్లీపట్టీలు, అరటిపండ్లు నింపాలె, ఎప్పుడైన అడగకుండ తీసుకోవచ్చని చెప్పాలె. డబ్బా ఖాళీ కాకుండ చూస్తె కొన్ని నెలలకు దాచుడు దానంతట అదే తగ్గుతది. ఆ డబ్బా నింపే వంతు చుట్టుపక్క ఇండ్లు తీసుకోవచ్చు.

#7 గోదారిగట్టు
క్యారేజీ పంపడం ఎలా? మా వీధిలో ఎవరింట్లో కష్టమొచ్చినా క్యారేజీలు వెళ్తాయి.

#8 వాణక్క, హనుమకొండ
మొదటి రెండు వారాలు, వారానికి మూడు దినాలు, రాత్రి పూటది చాలు. దినాం పంపితె ఇంటామె వంటింటికి పిల్ల అలవాటు కాదు. కారం తక్కువ, పప్పు, గుడ్డు, పెరుగు. పిల్ల మాంసం తింటదా తినదా, ఏ మతం ఇంట్ల నుంచి వచ్చింది, ముందు అడగాలె. తలుపు కాడ ఇచ్చి రావాలె. లోపలికి పోయి కూసోని 'ఏ ఊరు బిడ్డా, మీ అమ్మ యాడుంది' అని మొదలు పెట్టేటోళ్లు క్యారేజీ తేకున్నా నష్టం లేదు. కులం అడిగేటోళ్లను వాకిట్లకు కూడ రానీయొద్దు.

#9 లెక్కల పంతులు
డబ్బు గురించి నేను చెప్తాను. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పిల్లల సంరక్షణ పథకం కింద ఫోస్టర్ కేర్‌కు ఒక్కో బిడ్డకు నెలకు 4,000. అంతకుముందు పథకంలో 2,000 ఉండేది. కేంద్రం, రాష్ట్రం 60:40గా భరిస్తాయి. వినడానికి బాగానే ఉంది, చిక్కంతా వచ్చే దారిలో ఉంది. బిడ్డను ఆ ఇంట్లో ఉంచమని ఉత్తర్వు ఇచ్చేది బాలల సంక్షేమ సమితి. డబ్బు మంజూరు చేసేది కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్పాన్సర్‌షిప్, ఫోస్టర్ కేర్ ఆమోద కమిటీ. అంటే బిడ్డ ముందు వస్తుంది, కమిటీ తర్వాత కూర్చుంటుంది. ఈ మధ్యలో ఖర్చంతా ఆ ఇంటిదే.

ఆలస్యానికి మామూలుగా కనిపించే కారణాలు: బ్యాంకు ఖాతాలో పేరు, ఆధార్‌లో పేరు ఒక్క అక్షరం తేడా. ఖాతాకు ఆధార్ ఇచ్చారు గానీ నగదు బదిలీకి అనుసంధానం చేయలేదు. ఈ రెండూ వేరు పనులు, బ్యాంకులో విడిగా కాగితం ఇవ్వాలి. ఉత్తర్వు గడువు ముగిసింది, పొడిగింపు అడగలేదు. బిడ్డకు 5 ఏళ్లు, 15 ఏళ్లు దాటినప్పుడు చేయించాల్సిన వేలిముద్రల నవీకరణ జరగలేదు. ఇవన్నీ సెలవు పెట్టి తిరగాల్సిన పనులు. కాలనీలో రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకరుంటే ఆయన్ను ఈ పనికి అప్పగించండి, శాలువాకన్నా విలువైన కానుక అది.

ఇప్పుడు మీ 30,000. ముగ్గురు పిల్లలు, నెలకు 12,000. రెండు నెలలకు 24,000. దీన్ని తిరుగుడు నిధిగా ఉంచండి: ప్రభుత్వ డబ్బు ఆగిన నెలలో వడ్డీ లేని చేబదులు, ఆగిన డబ్బు ఖాతాలో పడగానే తిరిగి నిధికి జమ. మిగిలిన 6,000 వాణక్క చెప్పిన మొదటి రాత్రి సామాను కోసం. పద్దులో కుటుంబం పేరు రాయకండి, 'సహాయం 1', 'సహాయం 2' చాలు. సంఘం వార్షిక లెక్కల్లో అందరూ చదువుతారు కనుక. సంతకాలు అధ్యక్షుడు, కోశాధికారి ఇద్దరివే. పిల్లల చేతికి నగదు ఇవ్వొద్దు. సైకిలు కొనాలంటే ఆ ఇంటి సొంత పిల్లలకు ఉందో లేదో కనుక్కోండి. ఒకరికి కొత్తది, ఒకరికి లేదు అన్నచోట గొడవ మీరు కొనిచ్చినట్టే.

#10 డాలస్ తెలుగోడు
నేను 500 డాలర్లు పంపిస్తాను సార్, మీ సంఘం ఖాతా నంబరు ఇవ్వండి. ఇక్కడ మే నెలను ఫోస్టర్ కేర్ నెలగా జరుపుతారు, ఇంకో నలుగురు మిత్రులూ ఇస్తారు.

#11 ప్లీడరు గుమాస్తా
ఆగండి ఆగండి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం విదేశీ విరాళం తీసుకోకూడదు. మీకు ఇప్పటికీ భారత పౌరసత్వం ఉండి, సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. సంఘం మీ పాస్‌పోర్టు నకలు ఫైల్లో పెట్టుకోవాలి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, మీరు విదేశీ మూలమే. మీ నలుగురు మిత్రులకూ ఇదే లెక్క. చందా పోగుచేసి ఒకరి పేరు మీద పంపడం అసలే వద్దు.

#12 బడిగంట
బడి వైపు నుంచి కొన్ని మాటలు. టీసీ రాలేదని, వయసు ధ్రువపత్రం లేదని 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను చేర్చుకోకపోవడం కుదరదు. విద్యా హక్కు చట్టం 2009లో సెక్షన్ 5, సెక్షన్ 14 ఈ రెండు విషయాలూ చెప్తాయి. వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని సెక్షన్ 4. ఫోస్టర్ కుటుంబం వెంట ఈ మూడు సెక్షన్లు తెలిసిన ఒక పెద్దమనిషి బడికి వెళ్తే పని తొందరగా అవుతుంది.

రిజిస్టరులో బిడ్డ ఇంటిపేరు మార్చొద్దు. ప్రేమ కొద్దీ తమ ఇంటిపేరు రాయించేవాళ్లు ఉంటారు. బిడ్డ కన్నవాళ్ల దగ్గరకు వెళ్లినప్పుడు, పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) పంపేటప్పుడు అది పెద్ద తలనొప్పి. తల్లిదండ్రుల గడిలో కన్నవాళ్ల పేర్లు, సంరక్షకుల గడిలో ఫోస్టర్ వాళ్ల పేర్లు. విషయం ప్రధానోపాధ్యాయుడికి, తరగతి టీచరుకు తెలిస్తే చాలు, స్టాఫ్ రూముకు అక్కర్లేదు.

ఇంకోటి, 'మా కుటుంబం' అని చార్టు, తాతముత్తాతల చెట్టు, చిన్నప్పటి ఫొటో తెమ్మనే ప్రాజెక్టు. ఈ పిల్లల దగ్గర చిన్నప్పటి ఫొటో ఉండదు. 'నాతో ఉండేవాళ్లు' అని తరగతి మొత్తానికి మార్చి ఇస్తే సరి. ఒక్క బిడ్డకే మినహాయింపు ఇస్తే అందరి కళ్లూ అటే.

#13 నీలగిరి చెట్టు
కార్యదర్శి గారు రాసింది చూస్తే కాలనీ వాళ్లు పిల్లల్ని చూసుకోడానికి కూడా ముందుకొచ్చేలా ఉన్నారు. మంచిదే, కానీ హద్దులు తెలియాలి. పగటిపూట మూడు గంటలు, శనివారం, హోంవర్కో ఆటలో అంటే సరే. రాత్రి వేరే ఇంట్లో పడుకోబెట్టడం, ఊరు దాటించడం ఫోస్టర్ వాళ్లు తమంతట తాము చేయకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగానికి ముందే చెప్పి, అనుమతి కాగితం మీద తీసుకోవాలి. మేనత్త కూతురి పెళ్లికి వెళ్లాల్సినా అంతే.

చూసుకునేవాళ్లు ఇద్దరే ఉండాలి, ఎప్పుడూ ఆ ఇద్దరే. వారానికో కొత్త ముఖం వస్తే పిల్లలకు అది మళ్లీ హాస్టలే. ఇద్దరి పేర్లు, ఫోన్లు విభాగంలో ఇవ్వండి, పోలీసు వెరిఫికేషన్ చేయించండి. తలుపు తీసే ఉండాలి. పిల్ల ఏదైనా చెడు స్పర్శ గురించి చెప్తే అక్కడే ప్రశ్నలతో తవ్వకండి. విని, అన్న మాటలు అన్నట్టే రాసి, పోలీసులకు చెప్పాలి, పిల్లల సహాయ నంబరు 1098కి కూడా చెప్పొచ్చు. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) సెక్షన్ 19 ప్రకారం తెలిసిన ప్రతివాళ్లకూ అది విధి. 'పరువు' అని సంఘంలో పంచాయితీ పెడితే మీ మీదే కేసు.

#14 గోదారిగట్టు
ఇన్ని నియమాలు వింటుంటే ఎవరూ ముందుకు రారేమో. నా అభిప్రాయం వేరు. ఆ దంపతులకు బయట నుంచి వచ్చే మాటలేమిటో తెలుసా? 'నెలకు 4,000 కోసం పెట్టుకున్నారు' అని. 'రేపు వాళ్లొచ్చి తీసుకుపోతే మీకేం మిగులుతుంది' అని. ఎవరో ఒకరు గట్టిగా 'మీరు మంచి పని చేస్తున్నారు' అనాలి కదా. చాటుగా రెక్సిన్ షీటిస్తే ఆ లోటు తీరదు.

#15 నీలగిరి చెట్టు
ఒప్పుకుంటాను. దానికి చోటు కమ్యూనిటీ హాలు కాదు. జిల్లా సంరక్షణ అధికారిని అడిగి, జిల్లాలోని ఫోస్టర్ కుటుంబాలన్నిటినీ ఒక మధ్యాహ్నం భోజనానికి కలపమనండి. ఖర్చు మీ సంఘానిది. ఫొటోలు లేవు, బ్యానరు మీద 'కుటుంబాల కలయిక' అంతే. అక్కడ కప్పండి శాలువా. ఆ కుటుంబాలకు ఒకరి ఫోన్ నంబరు ఒకరి దగ్గర ఉండటమే సగం బలం. కాలనీలో 4,000 మాట ఎత్తినవాళ్లకు జవాబు మీరే చెప్పండి, వాళ్ల చేత చెప్పించకండి: బడి వ్యాను, ట్యూషను, మందులు కూడితే ఆ డబ్బు నెలాఖరుకు ఉండదు.

#16 కొత్తపేట చిన్ని
మధ్యలో వస్తున్నా, క్షమించాలి. మా వీధిలో తల్లిదండ్రులు పోయిన ఇద్దరు పిల్లల్ని అమ్మమ్మ పెంచుతోంది. ఆవిడా ఫోస్టర్ కిందకే వస్తుందా?

#17 లెక్కల పంతులు
రాదమ్మా. ఆవిడకు వర్తించేది స్పాన్సర్‌షిప్, అంటే బిడ్డ సొంతవాళ్ల దగ్గరే పెరగడానికి ఇచ్చే సాయం. డబ్బు అంతే, బిడ్డకు నెలకు 4,000. కుటుంబ ఆదాయం పల్లెలో ఏడాదికి 72,000, ఇతర చోట్ల 96,000 దాటకూడదు. తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, బడి నుంచి బోనఫైడ్, బ్యాంకు పుస్తకం నకలు పట్టుకుని జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లాలి. అమ్మమ్మకు సంతకం రాకపోతే, దరఖాస్తు నింపిపెట్టడానికి అంగన్‌వాడీ టీచర్ని అడగండి. మన ఊళ్లలో ఇలాంటి అమ్మమ్మలు, మేనమామలే ఎక్కువ. వాళ్లకు ఎవరూ సన్మానం తలపెట్టరు.

#18 వాణక్క, హనుమకొండ
అసలు సంగతి ఇంకోటి మిగిలింది. కన్నతల్లి చూడవస్తది. సమితి వద్దంటె తప్ప ఆమెకు ఆ హక్కున్నది, జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 44లనే రాసి ఉన్నది. ఆమె వచ్చిన దినం గేటు కాడ వాచ్‌మన్ 'ఎవరమ్మా నువ్వు' అని ఆపొద్దు, కిటికీలల్ల నుంచి చూడొద్దు. ఆమె పోయినంక రెండు మూడు దినాలు పిల్ల అరుస్తది, తినది, సామాను విసురుతది. పెంచుడు సక్కగ లేక కాదు. ఆ దినాలల్ల క్యారేజీ పంపుండ్రి, ట్యూషన్ ఆపుండ్రి.

ఒకనాడు పిల్ల పోతది. కన్నోళ్లు చూసుకోగలరని సమితి అనుకుంటె పంపుతది. అప్పుడు కొన్న బట్టలు, బడి కాగితాలు, టీకాల కార్డు, ఫొటోల ఆల్బం అన్ని మంచి సంచిల పెట్టి ఇయ్యాలె, మళ్ల క్యారీబ్యాగుల కాదు. ఆ సాయంత్రం ఇల్లు బోసిపోయి ఉంటది. చావింటికి పోయినట్టు అందరు పోరు, ఎందుకంటె ఎవరు చావలే. ఏం మాట్లాడాల్నో తెల్వక తప్పుకుంటరు. పోవాలె. చాయ తాగి రావాలె. 'ఇంకో పిల్లను తెచ్చుకోండి' అనొద్దు.

#19 గోదారిగట్టు
దత్తత తీసుకుంటే ఆ బాధ ఉండదు కదా?

#20 ప్లీడరు గుమాస్తా
వాళ్ల చేతుల్లో లేదండీ. దత్తతకు చట్టప్రకారం విడుదలైన బిడ్డ అయితేనే మార్గం. 2024 నమూనా మార్గదర్శకాల ప్రకారం ఫోస్టర్‌లో రెండేళ్లు ఉన్న బిడ్డను అదే కుటుంబం దత్తత కోరవచ్చు. అంతకుముందు ఐదేళ్లు ఉండేది. కన్నవాళ్ల హక్కులు మిగిలి ఉంటే ఆ ప్రశ్నే రాదు. సంక్రాంతికి పలకరించే ప్రతి చుట్టమూ ఇదే అడుగుతాడు, మీరైనా అడగకండి.

#21 కాలనీ కార్యదర్శి
అందరికీ ధన్యవాదాలు. ఫ్లెక్సీ ఆర్డరు రద్దు చేశాం, విలేకరులకు చెప్పలేదు. పంతులు గారి పద్ధతిలో 24,000 తిరుగుడు నిధి, 6,000 సామాను. భోజనం ఖర్చు విడిగా వేసుకుంటాం, జిల్లా అధికారికి ఉత్తరం రాస్తున్నాం. రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు ఒప్పుకున్నారు. ఒక సందేహం: మా దగ్గర ఇంకో జంట మేమూ ముందుకొస్తాం అంటున్నారు. వాళ్లకు ఏం చెప్పాలి?

#22 నీలగిరి చెట్టు
పెళ్లయి కనీసం రెండేళ్లు కలిసి స్థిరంగా ఉన్న జంట అయి ఉండాలి, ఇద్దరి వయసులూ కలిపి 70 ఏళ్లకు తగ్గకూడదు. ఇప్పుడు పెళ్లికాని వాళ్లు, విడాకులు తీసుకున్నవాళ్లు, భర్త పోయినవాళ్లు కూడా తీసుకోవచ్చు. ఒంటరి మగవాళ్లకు మాత్రం ఆడపిల్లను ఇవ్వరు. బిడ్డకు ఆరేళ్లు దాటి ఉండాలి. ఆరోగ్య ధ్రువపత్రం, పోలీసు వెరిఫికేషన్, ఆదాయం కాగితాలు, ఇంటి చిరునామా రుజువు సిద్ధం చేసుకోమనండి. తర్వాత సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి అందరితో, సొంత పిల్లలతో విడిగా కూడా, మాట్లాడి గృహ నివేదిక రాస్తారు. బిడ్డను ఇచ్చాక కూడా నెలనెలా తనిఖీ ఉంటుంది. చుట్టుపక్కల ఇద్దరి పేర్లు అడుగుతారు. మీరు ఆ ఇద్దరిలో ఒకరైతే మర్యాదకు పొగిడి పంపకండి. ఇంట్లో తాగుడు, కొట్టుకోవడం ఉంటే అప్పుడే చెప్పాలి.